బొచ్చు చూసి చెప్పేవాడు

కుక్కలాయన పోయాడని మొన్న పొద్దున పాలు పోసే మనిషి చెప్పాడు. అతను అల్వాల్ నుంచి వస్తాడు. కుక్కలాయన చివరి రోజుల్లో అక్కడే, ఒక పాత గుర్రపుశాలలో ఉండేవాడు.

"రెండు దినాలయిందమ్మా. కుక్కలు ఒక్కతీర్గ మొత్తుకుంటుంటే పోయి తలుపు దీసిన్రంట," అన్నాడు.

"కుక్కలు ఆయన్ని ఏమీ చేయలేదు కదా?" అన్నాను. అడగకూడని మాట. ముందు అదే నోటికి వచ్చింది.

"ఏం జెయ్యలే. పక్కపొంటి కూసున్నయంట."

పాలు లోపల పెట్టి బడికి వెళ్లాను. మూడు క్లాసులు చెప్పాను. హైదరాబాద్ స్టేట్ ఉంటుందా పోతుందా అని స్టాఫ్ రూములో వాదించుకుంటున్నారు. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆయన పేరు నాకు తెలుసు. రాయను. సికింద్రాబాద్‌లో మా కార్ఖానా పేటలో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. ఆయన వల్ల జరిగిన దానికి ఆయన పేరు తగిలించడం కూడా నాకు ఇష్టం లేదు.

ఆయన ఎవరింటికి వచ్చినా మనిషి ముఖం చూసేవాడు కాదు. గేటు తీయగానే కుక్క దగ్గర గొంతుక్కూర్చునేవాడు. బొచ్చును తోకవైపు నుంచి తలవైపుకు, ఎదురు దువ్వేవాడు. బయటపడిన చర్మం మీద బొటనవేలు రుద్ది ఆ వేలు వాసన చూసేవాడు. చెవి తిప్పి అందులో ముక్కు పెట్టేవాడు. అప్పుడు తల ఎత్తి, ఆ ఇంట్లో ఏం వండుతున్నారో, అందులో కుక్కదాకా ఏం వస్తోందో చెప్పేవాడు. తప్పు చెప్పగా నేను వినలేదు.

మా వెనక వీధిలో ఒక రైల్వే గార్డు ఉండేవాడు. కుక్కకని రోజూ మాంసం తెప్పించేవాడు. కుక్క ఒళ్లు మాత్రం పొట్టు రాలుతుండేది. కుక్కలాయన వేలు వాసన చూసి, "దీని కడుపుల తునక పడి నెలయింది. వట్టి గంజి. తునకలు మీ వంటామె ఇంటికి పోతున్నయి," అన్నాడు. ఆ సాయంత్రమే వంటామెకు పని పోయింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. మరునాడు ఆమె దారిలో కాపుకాసి ఆయన మీదికి రాయి విసిరింది. నుదురు చిట్లింది. ఆయన అదే రాయి తీసి మళ్లీ ఆమెమీదికే విసిరాడు. మా నాన్న అడ్డం వెళ్లి, "ఏం మనిషివయ్యా! ఆమె పొట్ట కొట్టావు. పైగా రాయి కూడానా?" అని అరిచారు.

ఆయనకు నిజంగా అర్థం కాలేదు. "నేను గామె ముచ్చట ఏమన్న చెప్పిన్నా సారూ? కుక్క ముచ్చట చెప్పిన," అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ.

ఇది ఆయన స్వభావం. తర్వాత జరిగినదంతా ఇందులోనే ఉంది. ఆ రోజు మాకు నవ్వు వచ్చింది, అంతే.

ఆయన తెల్లవాళ్ల పటాలంలో వేటకుక్కలను సాకిన మనిషి. పటాలం వెళ్లిపోయేటప్పుడు కుక్కల్ని వరసగా నిలబెట్టారట. ఒక దొర బెత్తంతో చూపిస్తూ నడిచాడట. ఒంటిమీద బొచ్చు నిండుగా ఉన్నవాటిని ఒక పక్కకు పంపారు. వాటిని అడిగినవాళ్లకు ఇచ్చేశారు. మచ్చలు పడ్డవీ, గోక్కునేవీ ఇంకో పక్క. వాటిని కాల్చేశారు. కదలకుండా చెవులు పట్టుకుని కూర్చోవడం ఈయన పని. ఒక తుపాకీ గుండు కుక్క తల దాటి ఈయన మోకాలి పక్కన నేలలోకి దిగిందట.

ఈ సంగతి ఆయన నాకు చెప్పినప్పుడు గొంతులో ఏ మార్పూ లేదు. చివర ఒక్క మాట అన్నాడు. "ఇంకో నెల టైమిస్తే అన్నింటికీ బొచ్చు తెప్పిస్తుంటి బిడ్డా. కార్జం తక్కువైంది, గంతే. కార్జం తక్కువైతే గోలీ ఏస్తరా?"

అప్పట్నుంచి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. భుజానికి ఒక డబ్బా, అందులో బోటి ఉడికించిన నీళ్లు. చేతిలో పటాలం వంటశాల నుంచి తెచ్చుకున్న ఇనుప గంటె, మూరెడు పొడవు. ఆ గంటెతోనే కలిపేవాడు, ఆ గంటెతోనే కొట్టేవాడు. కుక్కల్ని కాదు. గజ్జికని కుక్క ఒంటికి కిరసనాయిలు పూసిన ఒక తోటమాలి మోచేయి విరగ్గొట్టాడు. కుక్కకు ఆవకాయ అన్నం పెట్టే ఇంట్లోకి చొరబడి ఆవకాయ కుండ పగలగొట్టాడు. "బొచ్చు పైకెళ్లి రాదు, లోపల్నుంచి వస్తది. పైన ఏం పూసినా దండుగ," అని కుండ పెంకుల మీద నిలబడి చెప్పాడట.

మా రూబీ ఒక తెల్లదొరల కుటుంబం వదిలిపోయిన కుక్క. వేలాడే చెవులు, గోధుమరంగు పొడుగు బొచ్చు. మాకు వచ్చేనాటికి నడుం మీదా తోక మొదట్లోనూ బొచ్చు ఊడి చర్మం కనిపించేది. మా నాన్న మిషన్ బడిలో టీచరు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మేం తినేదే రూబీకి పెట్టేవాళ్లం. అంటే పప్పన్నం, ఆదివారం నాలుగు ఎముకలు.

కుక్కలాయన మొదటిసారి వచ్చి వేలు వాసన చూసి మా అమ్మతో, "అమ్మా, దీనికి పప్పు పెట్టి పెట్టి తోలు ఎండబెట్టిన్రు. దినాం ఒక గుడ్డు పెట్టాలె. ఉడకబెట్టి. పచ్చి సొన పెడితే ఉన్న బొచ్చు సుత ఊడుతది. వారానికి రెండుసార్లు చేప తలకాయలు, ముండ్లు తీసి. జెర కార్జం. అవిసె గింజలు దంచి తైద జావల, మీరు రాగి జావంటరు, గండ్ల కలుపు. ఉల్లిగడ్డ ముట్టనియ్యకు, నెత్తురు ఇరుగుతది," అన్నాడు.

"నాలుగు కోళ్లున్నాయయ్యా మాకు. అవి పెట్టే గుడ్లు మనుషులకే చాలడం లేదు. కుక్కకెక్కడి నుంచి తేను?" అంది అమ్మ.

"మనుషులు తింటే ఏమొస్తదమ్మా? బొచ్చొస్తదా?"

అమ్మ గుమ్మంలోంచి చెంబు ఎత్తింది. ఆయన గేటు దాటి వెళ్లి అక్కడి నుంచి అరిచాడు. "నెలన్నర పెట్టి చూడు! నెలన్నరకు రాకపోతే నా మూతి మీద బొచ్చు గీకిచ్చుకుంట!"

నలభై ఎనిమిది ఎండాకాలంలో కుక్కకు మంచి బొచ్చు లేకపోవడం చిన్న సంగతి కాదు. పిచ్చికుక్కల భయమని చెప్పి కుక్కల్ని చంపే మనుషులు వీధుల్లో తిరిగేవాళ్లు. మెడకు పట్టీ ఉన్నా లేకున్నా, ఒంటిమీద మచ్చ కనిపిస్తే కొట్టేవాళ్లు. కట్టె ఒక్కసారి పడేది. బండిలో వేసేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం గేటు సరిగా పడక రూబీ బయటికి వెళ్లింది. నేను పరుగెత్తేసరికి ఒకతను తాడు వేసి పట్టుకున్నాడు, రెండో అతను కట్టె ఎత్తాడు.

కుక్కలాయన ఎక్కడి నుంచి వచ్చాడో నేను చూడలేదు. గంటె తగిలిన చప్పుడు విన్నాను. కట్టె పట్టుకున్నవాడి పళ్లు రెండు వీధిలో పడ్డాయి. తాడు పట్టుకున్నవాడు ఆయన వీపుమీద తాడుతో బాదాడు. ఆయన రూబీ మీద బోర్లా పడుకుని దెబ్బలు తింటూ, "మచ్చ కాదుర ఇది! ఆకలి! ఆకలిర గాడ్దికొడుకా!" అని అరిచాడు. చివరికి వాళ్లే విసిగి వెళ్లిపోయారు. ఆయన లేచి, నా వైపు చూడకుండా, "గుడ్డు పెట్టమని చెప్పు మీ అమ్మకు. పెట్టకపోతే మల్లొస్తరు ఆళ్లు," అన్నాడు. అమ్మకు చెప్పాను. అమ్మ అవిసె గింజలు తెప్పించింది, బోటి తెప్పించింది. గుడ్డు మాత్రం పెట్టలేదు.

అవి రజాకార్ల రోజులు. లారీల్లో కేకలు వేస్తూ పోయేవాళ్లు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చెప్పేది వింటే అన్నం దిగేది కాదు. ఒకరోజు రైలుకట్ట దగ్గర ఒక శవం పడి ఉందని తెలిసింది. ఎవరిదో తెలియదు, భయంతో ఎవరూ దగ్గరకు పోలేదు. కుక్కలాయన వెళ్లి పక్కన రాతిమీద గంటె పట్టుకుని కూర్చున్నాడు. వీధికుక్కలు వస్తే తరిమాడు. పోలీసులు వచ్చి మోసుకుపోయేదాకా అక్కడే ఉన్నాడు. మా నాన్న ఆయన్ని మెచ్చుకోబోయారు.

"ఆని కొరకు కాదు సారూ. మనిషి మాంసం రుచి మరిగితే ఊళ్ల కుక్కలన్నిటినీ కాల్చి పారేస్తరు. గందుకు కూసున్న," అన్నాడు.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు. సికింద్రాబాద్‌లో జనం రోడ్లమీదికి వచ్చి దండలు వేశారు. మేమూ వెళ్లాం. తర్వాత జిల్లాల నుంచి వచ్చిన వార్తలు మళ్లీ అలాంటివే, చంపేవాళ్లూ చచ్చేవాళ్లూ మాత్రం అటువాళ్లు ఇటయ్యారు.

ఆ వార్తల వెనకే ఉర్దూ మాస్టారు వచ్చారు. ఒక జిల్లా ఊళ్లో ఆయన ఉర్దూ చెప్పేవారు. పరీక్ష పేపర్లు దిద్దడానికి వచ్చినప్పుడల్లా మా నాన్నతో స్నేహం. ఆయన తమ్ముడు రజాకార్లలో చేరాడు. ఊళ్లో మనుషుల్ని చంపినవాళ్లలో ఆ తమ్ముడు ఉన్నాడు. సైన్యం రాగానే తమ్ముడు పారిపోయాడు. చచ్చిపోయినవాళ్ల మనుషులు అన్నను వెతుకుతున్నారు. భార్యను పుట్టింటికి పంపి మాస్టారు నడిచి వచ్చారు. కాళ్లు పగిలి ఉన్నాయి.

ఇంటి వెనక కోళ్ల గూటి పక్కన మాకొక గది ఉంది. సామాను తీసి ఆయన్ని అందులో పెట్టాం. ఎవరికీ చెప్పొద్దని నాన్న అన్నారు. ఇద్దరు మనుషులు తన జాడ తీస్తూ సికింద్రాబాద్ దాకా వచ్చారని, కార్ఖానాలో ఒక కిరస్తానీ టీచరు స్నేహితుడున్నాడని వాళ్లకు తెలుసని, ఇల్లు మాత్రం తెలియదని మాస్టారే చెప్పారు. ఎవరితోనైనా ఒక్క మాట జారితే ఆయన ప్రాణం పోతుంది. మాకు అది స్పష్టంగా తెలుసు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ట్రైనింగు కాలేజీలో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం మాస్టారికి పళ్లెం తీసుకెళ్లడం నా పని. అమ్మ రోజూ ఒక గుడ్డు ఉడికించి ఆ పళ్లెంలో పెట్టేది. నాన్నకు మానేసి ఆయనకు పెట్టేది. మూడోరోజే చూశాను. మాస్టారు గుడ్డు వలిచి, తలుపు సందులోంచి రూబీకి పెడుతున్నారు. నన్ను చూసి చేయి వెనక్కి తీసుకున్నారు.

"అమ్మకు చెప్పకు బేటీ. గొంతుల దిగుత లేదు. పారేస్తే ఆమె బాధపడతది," అన్నారు.

చెప్పలేదు. అన్నం కూడా ఆయన సరిగా తినేవారు కాదు. టీ తాగేవారు. నేను ప్రతిరోజూ ఖాళీ పళ్లెం తెచ్చి అమ్మకు ఇచ్చేదాన్ని. "తిన్నారా పాపం?" అనేది అమ్మ. తిన్నారని చెప్పేదాన్ని.

నెల దాటింది. రూబీ నడుం మీద ముందు సన్నటి నూగు వచ్చింది. తర్వాత మచ్చలు కప్పుకుపోయాయి. నెలన్నరకు ఎండలో నిలబడితే ఒళ్లంతా కొత్త రాగి చెంబులా ఉంది. కుక్కలాయన గేటు తీసి చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత కూర్చుని ఎదురు దువ్వాడు. వేలు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెట్టినవా అమ్మా! గుడ్డు! నేను చెప్పలే?"

"నేనేం పెట్టలేదయ్యా. నువ్వు చెప్పిన బోటి, గింజలు. అంతే," అంది అమ్మ. ఆమె చెప్పింది నిజమే.

"బోటికి గీ మెరుపు రాదు. దినాం గుడ్డు పడ్తుంది దీనికి. ఎవలు పెడ్తున్నరు? నువ్వా చిన్నమ్మా?"

నేనేనని అంటే అయిపోయేది. ఒక్క మాట. కానీ అమ్మ పక్కనే నిలబడి ఉంది. మనుషులు మానుకున్న గుడ్లు కుక్కకు పెట్టానని తిడుతుందని అనిపించింది. తల అడ్డంగా ఊపాను. ఈ ఎనిమిదేళ్లలో ఆ కారణం కంటే పెద్ద కారణం నాకు దొరకలేదు.

ఆయన తల గోక్కున్నాడు. రూబీ అప్పుడే లేచి ఇంటి వెనక్కి వెళ్లింది. ఆయన అది వెళ్లినవైపు చూశాడు. ఏదో కనిపెట్టినవాడిలా నవ్వుకుంటూ వెళ్లాడు.

మరునాడు మోండా మార్కెట్‌లో బోటి అమ్మేచోట నిలబడి అందరికీ చెప్పాడు. తర్వాత ఆయనే మాకు ఇది అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. "కార్ఖానల కిరస్తానీ సారు ఇంటికాడ కుక్కకు బొచ్చు తెప్పిచ్చిన. సారు పెండ్లాం పిసినారిది, గుడ్డు పెడ్తలేనంటది. అబద్ధం కాదు, ఆమె పెడ్తలేదు. మరెవలు పెడ్తున్నరు? ఎనక అర్రల ఎవలో సుట్టమున్నడు. ఆమె చేసిన గుడ్డు ఆనికి గొంతుల దిగుతలేదు, కుక్కకేస్తుండు!" అందరూ నవ్వారట. బోటి అమ్మే అతను, "గామె వంట గంత మంచిగుంటదా?" అన్నాడట.

పక్కన గొంగళ్లు కప్పుకున్న ఇద్దరు ఉన్నారు. ఒకడు ముందుకు వచ్చి, "పెద్దాయనా, మా ఊళ్ల కుక్కకు సుత గజ్జి లేసింది. గా కుక్కను జెర చూపెడ్తవా?" అన్నాడట.

తను బాగుచేసిన కుక్కను చూస్తామని ఎవరైనా అడగడం ఆయన బతుకులో అదే మొదటిసారి. డబ్బా అక్కడే వదిలేసి, వాళ్లను వెంటబెట్టుకుని మోండా నుంచి కార్ఖానా దాకా నడిచాడు. దారి పొడుగునా వాళ్లకు అవిసె గింజల సంగతి చెప్పాడట.

మధ్యాహ్నం. నాన్న బడిలో ఉన్నారు. మాస్టారికి పళ్లెం ఇచ్చి అప్పుడే ముందుకి వచ్చాను. గేటు దగ్గర కేక. "చిన్నమ్మా! రూబీని తీస్కరా! గీళ్లు ఊరి నుంచి వచ్చిన్రు, చూస్తరట!"

తీసుకెళ్లాను. ఆయన కూర్చుని ఎదురు దువ్వి చూపించాడు. "సూడుండ్రి. రెండు నెల్ల కింద గీడ తోలు కనబడుతుండె. ఇప్పుడు?" ఒకడు కుక్కవైపు చూడనే లేదు. ఇంటిని చూస్తున్నాడు. నాకు అప్పుడు అనుమానం వచ్చింది. రూబీ మెడపట్టీ గట్టిగా పట్టుకున్నాను. అది గుడ్డు వేళ. రూబీ మెలికలు తిరిగి, పట్టీలోంచి తల లాక్కుని ఇంటి వెనక్కి పరుగెత్తింది.

"చూడు, చూడు! ఆడికే ఉరుకుతది!" అని కుక్కలాయన నవ్వాడు. వాళ్లిద్దరూ కుక్క వెంట వెళ్లారు. ఆయన నవ్వుతూ వాళ్ల వెనక వెళ్లాడు.

రూబీ గది తలుపు ముందు కూర్చుంది. తలుపు ఒక తన్నుకే ఊడింది. మాస్టారిని చొక్కా పట్టి బయటికి లాగారు. గొంగళ్ల కిందనుంచి చెరో గొడ్డలి తీశారు. పొట్టి కామ.

"నీ తమ్ముడు యాడ?"

"తెల్వదు."

"నీ తమ్ముడు మా నాయినను బాయిల ఏసిన దినం మా నాయినకు సుత ఏం తెల్వలే."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. మాస్టారు కూర్చుండిపోయారు. అమ్మ బట్టలు ఉతికే రాతి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, "బాబూ! బాబూ! మీ కాళ్లు పట్టుకుంటాను బాబూ!" అని నిజంగానే కాళ్లమీద పడింది. ఒకడు ఆమెను కాలితో పక్కకు నెట్టాడు. కుక్కలాయనకు అప్పటికి అర్థమైంది. ఆయన గొంతులోంచి మాట కాని చప్పుడు వచ్చింది. గంటెతో ఒకడి చెవిమీద కొట్టాడు. చెవి తెగి వేలాడింది. రెండోవాడు ఇటు తిరిగి గొడ్డలితో వేటు వేశాడు. ఆయన ఎడమచేతి వేళ్లు రెండు నేలమీద పడ్డాయి. ఆయన మళ్లీ లేచాడు. కామతో ఛాతీమీద పొడిస్తే కోళ్ల గూటిమీద పడ్డాడు. ఈలోపు మాస్టారి పని అయిపోయింది. మూడు దెబ్బలు. నేను లెక్కపెట్టాలని లెక్కపెట్టలేదు.

వాళ్లు పరుగెత్తలేదు. మా తొట్టిలో గొడ్డళ్లు కడుక్కున్నారు. తండ్రిని పోగొట్టుకున్నవాడు ఏడుస్తున్నాడు. వెళ్తూ గేటు వేసి వెళ్లారు.

పళ్లెం గుమ్మంలో బోర్లా పడి ఉంది. గుడ్డు దొర్లి మాస్టారి చేతి దగ్గర ఆగింది. రూబీ వెళ్లి దాన్ని తిన్నది. అమ్మ చూసింది. నేనూ చూశాను. కుక్కలాయన లేచి, తెగిన చేయి కడుపుకి అదుముకుని, కుడిచేత్తో గంటె ఎత్తి రూబీని కొట్టాడు. ఆయన కుక్కను కొట్టడం అదొక్కసారే. అది కీచుమని అరిచి, నేలకు కరుచుకుని, పాకుతూ మళ్లీ ఆయన కాళ్ల దగ్గరికే వచ్చింది.

చేయి మానకముందే ఆయన ఠాణాకు వెళ్లాడు. "నేనే చంపిన," అన్నాడట. గొడ్డలి నీదేనా అని అడిగారు. కాదన్నాడు. మరేం చేశావంటే, "కుక్క బొచ్చు చూపిచ్చిన," అన్నాడు. పిచ్చివాడని తరిమేశారు. మళ్లీ వెళ్లాడు. వరసగా వారం వెళ్లాడు. చివరికి ఒక జవాను విసిగి లాఠీతో గట్టిగా కొట్టాడు. ఆ సాయంత్రం ఆయన అన్నం తిన్నాడని విన్నాను.

మా అమ్మ ఏడాదిపాటు ఆయన్ని గేటు లోపలికి రానివ్వలేదు. తర్వాత వచ్చేవాడు. గోడవార కూర్చుని మూడు వేళ్ల చేత్తో రూబీకి జావ కలిపేవాడు. మార్కెట్‌లో మాట్లాడటం మానేశాడు. ఎవరైనా కుక్కను తెస్తే ఎదురు దువ్వేవాడు, వాసన చూసేవాడు, "ఇగో, ఇది పెట్టుండ్రి," అనేవాడు. ఇంట్లో ఎవరు ఏం తింటున్నారో చెప్పేవాడు కాదు. బలవంతపెడితే లేచి వెళ్లిపోయేవాడు.

ఒక విషయం ఆయనకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నన్ను అడిగిన రోజు నేను ఒక మాట అని ఉంటే ఆయన అసలు మార్కెట్‌లో నోరు విప్పేవాడే కాదని. చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

మాస్టారి భార్య రెండేళ్ల తర్వాత వచ్చింది. నల్ల బురఖా, చేతిలో చిన్న సంచి. సమాధి చూసి మా ఇంటికి వచ్చింది. వరండాలో కూర్చోబెట్టాం. అమ్మ ఇచ్చిన టీ ముట్టలేదు. నాన్నను ఒక్కటే అడిగింది.

"ఇల్లు ఎట్ల దొరికింది ఆళ్లకు?"

"తెలియదమ్మా," అన్నారు నాన్న.

గోడవార కూర్చున్న కుక్కలాయన లేచాడు. "నేను తోల్కొచ్చిన," అన్నాడు. ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి, మార్కెట్ సంగతి మొదలు అంతా చెప్పాడు. అందులో తను నవ్విన సంగతి కూడా చెప్పాడు. ఆ గదిలో ఉన్నది ఎవరో తనకు తెలియదని మాత్రం చెప్పలేదు.

ఆమె లేచి కాలి చెప్పు తీసింది. ముఖం మీద కొట్టింది. మళ్లీ మళ్లీ కొట్టింది. నాన్న లేవబోతే అమ్మ చేయి పట్టి ఆపింది. ఆయన తల తిప్పుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. ముక్కు చిట్లింది. ఆమె చేయి నొప్పి పుట్టేదాకా కొట్టి, చెప్పు కింద పడేసి మెట్టుమీద కూలబడింది.

తర్వాత ఎవరివైపూ చూడకుండా అడిగింది. "ఆఖరి దినాలల్ల ఏమన్న తిన్నడా?"

నాన్నకు ఏమీ తెలియదు, అమ్మవైపు చూశారు. అమ్మ నావైపు చూసింది. నేను కింద పడి ఉన్న చెప్పువైపు చూశాను.

"తిన్నడమ్మా," అన్నాడు కుక్కలాయన. "దినాం గుడ్డు తిన్నడు."

ఆమె తల ఎత్తింది. "ఉడకబెట్టిందా?"

"ఆఁ. ఉడకబెట్టిందే."

"మిరియాల పొడి లేంది ముట్టడు గద ఆయన."

"అడిగిండు. గీ అమ్మ దంచి ఇచ్చింది."

ఆమె అమ్మవైపు తిరిగింది. అమ్మ అవునని తల ఊపింది.

"ఒక్క గుడ్డు సాలదు ఆయనకు," అంది ఆమె. "పెండ్లైన కొత్తల రెండు పెట్టేదాన్ని."

"రెండు తిన్నడమ్మా," అన్నాడు ఆయన. ముక్కులోంచి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. తుడుచుకోలేదు. "రెండూ తిన్నడు."